సీ ఫ్రేమ్ ప్రెస్‌కి ఉచిత ఎఫ్ఈఏ సాఫ్ట్‌వేర్: మెష్ సన్నం చేసేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే ఉంది, ఎవరైనా చెప్పండి

జీడిమెట్ల_షెడ్డు | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. జీడిమెట్లలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. మొత్తం ఏడుగురం. ప్రెస్ ఫ్రేములు ఇన్నాళ్లూ నాన్న చేతి లెక్కతోనే చేశాం, ఒక్కటీ విరగలేదు. ఈసారి వచ్చిన పార్టీ 20 టన్నుల హైడ్రాలిక్ సీ ఫ్రేమ్ ప్రెస్ (ఇంగ్లీషు సి అక్షరంలా ఒక పక్క నోరు తెరిచి ఉండేది) అడిగి, డ్రాయింగ్‌తో పాటు ఎఫ్ఈఏ రిపోర్టు, అంటే ఫ్రేములో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌లో వేసిన లెక్క, కూడా కావాలన్నాడు. పేరున్న సాఫ్ట్‌వేర్‌కి కొటేషన్ తెప్పించాను. నాన్న అది చూసి ఏమీ అనకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందుకని ఉచితంగా దొరికే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ 1.0 వేసుకుని, అందులోని ఎఫ్ఈఎం వర్క్‌బెంచ్‌లో జీమెష్‌తో మెష్ చేసి (అంటే ఫ్రేముని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి), లెక్క తేల్చే సాల్వర్ కాల్క్యులిక్స్‌తో సాల్వ్ చేశాను. కొలతలు ఇవి: 25 మి.మీ. మందం సైడ్ ప్లేట్లు రెండు, వెనక కాలమ్ లోతు 300, లోపలి అంచు నుంచి ర్యామ్ (నొక్కే రాడ్డు) సెంటర్‌కి 250, నోరు ఎత్తు 400, పైచెయ్యి, కిందిచెయ్యి లోతు కూడా 300. లోడు 200 కిలోన్యూటన్లు అనుకున్నాను. అడుగు ముఖాన్ని ఫిక్స్ చేసి, పైచేతి మీద పైకి లోడు పెట్టాను.

గరిష్ఠ స్ట్రెస్ (లోహం లోపల పడే ఒత్తిడి) 10 మి.మీ. మెష్‌తో 172 ఎంపీఏ, అంటే చ.మి.మీ.కి 172 న్యూటన్లు వచ్చింది. అది ఎక్కడుందో అక్కడ మాత్రం మెష్ 5 చేస్తే 235. 2.5 చేస్తే 322. ఇందులో రిపోర్టులో ఏది రాయాలి? ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇలా తప్పులు వస్తున్నాయా?

స్పానర్_శీను | సోమవారం, రాత్రి 10:41

అన్నా ఇంత తిప్పలెందుకు, పెద్ద సాఫ్ట్‌వేర్ క్రాక్ దొరుకుతుంది కదా. మెసేజ్ పెట్టు, పంపిస్తా.

మెష్_మేస్త్రి | సోమవారం, రాత్రి 11:05

శీనూ, అది ఇక్కడ వద్దు. రేపు పార్టీ "ఏ లైసెన్సు మీద చేశారు" అని అడిగితే షెడ్డు ఓనర్ ఏం చెప్తాడు? స్టూడెంట్ వెర్షన్‌తో వ్యాపారం చేయడం కూడా అంతే.

షెడ్డు గారూ, మీ సాల్వర్ తప్పు చేయట్లేదు. ముందు మూడు సంగతులు చెప్పండి. గరిష్ఠ స్ట్రెస్ సరిగ్గా ఎక్కడుంది? అక్కడ మూలని గుండ్రం చేస్తూ రేడియస్ ఇచ్చారా, పదునైన మూలేనా? రియాక్షన్ ఫోర్సుల (ఫిక్స్ చేసినచోట తిరిగి వచ్చే బలాల) మొత్తం ఎంత?

జీడిమెట్ల_షెడ్డు | మంగళవారం, ఉదయం 7:50

నోటి లోపలి పైమూలలో ఉంది. రేడియస్ ఇవ్వలేదు, ప్లేటు గ్యాస్ కటింగ్ కదా, మూల మూలగానే గీశాను. రియాక్షన్ మొత్తం 200 కిలోన్యూటన్లు, పెట్టిన లోడుకి సమానంగా వచ్చింది. అది సరేనని అనుకున్నా.

మెష్_మేస్త్రి | మంగళవారం, ఉదయం 8:30

మీ అంకెలనే చూడండి. 235ని 172తో భాగిస్తే 1.366. 322ని 235తో భాగిస్తే 1.370. రెండుసార్లూ దాదాపు ఒకే నిష్పత్తి. మెష్ సగం చేసిన ప్రతిసారీ స్ట్రెస్ 1.37 రెట్లు అవుతోంది.

ఇది 90 డిగ్రీల లోపలి మూల వేలిముద్ర. విలియమ్స్ అనే పరిశోధకుడు 1952లో తేల్చిన లెక్క: రేడియస్ లేని మూల దగ్గర ఎలాస్టిక్ స్ట్రెస్ కొసకి దగ్గరయ్యేకొద్దీ అనంతంగా పెరుగుతుంది. ఎంత వేగంగా అనేది మూల కోణాన్ని బట్టి ఉంటుంది. 90 డిగ్రీల మూలకి ఆ ఘాతం సుమారు 0.4555. రెండుకి ఆ ఘాతం వేస్తే 1.37. అంటే సాఫ్ట్‌వేర్ మీరు గీసిన బొమ్మకి సరైన జవాబే చెప్తోంది. ఆ బొమ్మకి జవాబు అనంతం. మెష్ ఎంత సన్నం చేస్తే అంత దూరం దాని వెనక పరిగెడుతుంది, అంతే.

నమ్మకం లేకపోతే 1.25 పెట్టి చూడండి. 440 దరిదాపుల్లో వస్తుంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే వస్తుంది.

జీడిమెట్ల_షెడ్డు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

438 వచ్చింది. అన్నం తింటూ చూశాను, ముద్ద ఆగిపోయింది.

లెక్కల_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:00

బాబూ, నేను రిటైరైన డిజైన్ ఇంజినీర్ని. కంప్యూటర్ రంగుల బొమ్మ చూసే ముందు కాగితం మీద నాలుగు లైన్లు వేసుకోవాలి. మీ నాన్నగారు చేసేది అదే, వదలొద్దు.

రెండు ప్లేట్లు కలిపి కాలమ్ వైశాల్యం 15,000 చ.మి.మీ. నేరు లాగుడు: 2,00,000ని దానితో భాగిస్తే 13.3 ఎంపీఏ. కాలమ్ మధ్యగీత నుంచి లోడు దూరం 250కి 150 కలిపితే 400 మి.మీ. మూమెంట్ (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే వంచే ప్రభావం) 8 కోట్ల న్యూటన్ మి.మీ. సెక్షన్ మాడ్యులస్ (కాలమ్ అడ్డుకోత వంపుని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) 7,50,000. వంపు వల్ల 106.7. లోపలి అంచున రెండూ కలిసి 120, బయటి అంచున మైనస్ 93.

మూలలకి దూరంగా, నోరు ఎత్తు మధ్యలో, లోపలి అంచు మీద నీ సాఫ్ట్‌వేర్ ఎంత చూపిస్తోందో చెప్పు. అక్కడ 120కి దగ్గర రాకపోతే మిగతా బొమ్మంతా చెత్తబుట్టలో వెయ్యి.

నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా చూసుకో. కాలమ్ 400 ఎత్తు మాత్రమే వంగుతుందని, చేతులు 250 పొడవని తీసుకుంటే 0.66 మి.మీ. కాలమ్‌ని చేతుల మధ్యగీతల దాకా 700గా, చేతుల్ని 400గా తీసుకుంటే 1.35. నిజం ఈ రెండింటి మధ్య ఉండాలి.

జీడిమెట్ల_షెడ్డు | మంగళవారం, రాత్రి 9:40

మాస్టారూ, అక్కడ 118 ఉంది! బయటి అంచున మైనస్ 92. నోరు 0.74 తెరుచుకుంది. మూడూ సరిపోయాయి కదా, ఇక మూలకి రేడియస్ ఇస్తే అయిపోయినట్టేనా?

మెష్_మేస్త్రి | మంగళవారం, రాత్రి 10:10

అవలేదు. రియాక్షన్ 200 కిలోన్యూటన్లు వచ్చిందన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఒక్కసారి షెడ్డులో నిలబడి ఆలోచించండి. 20 టన్నుల ప్రెస్ నొక్కుతుంటే నేలలో వేసిన బోల్టులు 20 టన్నులు లాగుతాయా? ర్యామ్ జాబ్‌ని కిందికి నొక్కుతుంది, జాబ్ బెడ్‌ని నొక్కుతుంది, సిలిండర్ పైచేతిని పైకి తోస్తుంది. బలమంతా ఫ్రేము లోపలే తిరిగి లోపలే చెల్లిపోతుంది. నేల మోసేది ప్రెస్ బరువు ఒక్కటే. మీ మోడల్‌లో బెడ్ మీద లోడు లేదు, పైగా అడుగంతా కాంక్రీటులో పాతినట్టు బిగించేశారు. అందుకే కిందిచెయ్యి వంగట్లేదు. కాలమ్ మధ్యలో మూమెంట్ ఎలాగూ మారదు కాబట్టి మాస్టారి మొదటి పరీక్ష పాసైంది. నోటి లెక్క హద్దులు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి రెండోదీ పాసైంది. రియాక్షన్ ఒక్కటే దొంగని పట్టించింది.

బెడ్ మీద 200 కిందికి, పైచేతి మీద 200 పైకి, ఒకే గీతలో పెట్టండి. ఫిక్స్ చేసిన ముఖం తీసేసి, మూడు పాయింట్ల దగ్గర కదలిక ఆపండి. ఒకచోట మూడు దిక్కులూ, ఇంకోచోట రెండు, మూడోచోట ఒకటి. ఫ్రేము గాల్లో ఎగిరిపోకుండా పట్టుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు. సరిగ్గా పెడితే రియాక్షన్లు సున్నాకి దగ్గర వస్తాయి.

ఎంటెక్_రెండో_ఏడు | బుధవారం, ఉదయం 11:20

సార్, ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నందుకు సారీ. కాల్క్యులిక్స్‌తోనే కాంటిలీవర్ (ఒక కొస బిగించి, ఇంకో కొస వదిలేసిన బీమ్) చేస్తున్నా. 200 పొడవు, 20 వెడల్పు, 10 మందం, కొసన 100 న్యూటన్లు. ఫార్ములాతో 0.762 మి.మీ. రావాలి, నాకు 0.29 వస్తోంది. బీమ్ తనంతట ఊగే ఫ్రీక్వెన్సీ అయితే 0.000209 హెర్ట్జ్ వచ్చింది. మా గైడ్ అది చూసి "ఇది బీమా, కొండచిలువా" అన్నారు.

మ్యూనిక్_మామ | బుధవారం, మధ్యాహ్నం 3:35

రెండూ పాత రోగాలే తమ్ముడూ. ఫ్రీక్వెన్సీకి సరైన జవాబు సుమారు 209 హెర్ట్జ్. నీది సరిగ్గా పది లక్షల రెట్లు తక్కువ. అంటే కాల్క్యులిక్స్‌కి ఇచ్చే ఐఎన్‌పీ (ఇన్‌పుట్) ఫైలులో డెన్సిటీ 7850 అని రాశావు. కాల్క్యులిక్స్‌కి యూనిట్లు తెలియవు, నువ్వు ఏ అంకె ఇస్తే అదే. మి.మీ., న్యూటన్ పెడితే బరువు టన్నుల్లో పెట్టాలి, కాబట్టి ఉక్కు డెన్సిటీ 0.00000000785. సున్నాలు లెక్కపెట్టుకుని రాయి.

డిఫ్లెక్షన్ సంగతి: నువ్వు వాడింది సీ3డీ4, నాలుగు నోడ్ల (మూల బిందువుల) టెట్, అంటే నాలుగు ముఖాల పిరమిడ్ ముక్క. ఆ ఎలిమెంటు లోపల స్ట్రెయిన్ అంతటా ఒకటే, వంగడం దానికి చేతకాదు. 10 మి.మీ. మందంలో ఒక్క వరస పెడితే చెక్కలా బిగుసుకుంటుంది. సీ3డీ10 పెట్టు, పది నోడ్లది. ఫ్రీక్యాడ్‌లో మెష్ సెట్టింగులో సెకండ్ ఆర్డర్ ఎంచుకో. 0.76 వచ్చేస్తుంది. ఇటుక ఎలిమెంట్లతో చేస్తే సీ3డీ8కి కూడా వంపులో ఇదే జబ్బు ఉంది, సీ3డీ8ఐ గానీ సీ3డీ20ఆర్ గానీ వాడు.

"ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి తప్పులా" అని షెడ్డు గారు అడిగారు కదా. కాల్క్యులిక్స్ రాసిన గిడో ధోంట్, క్లాస్ విట్టిగ్ ఇద్దరూ మేముండే ఊళ్లోనే, విమాన ఇంజన్లు చేసే ఎంటీయూ కంపెనీ ఇంజినీర్లు. సాల్వర్ ఒకరిది, బొమ్మలు చూపే భాగం ఇంకొకరిది. 1998 నుంచి జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు మీద అందరికీ ఇస్తున్నారు. ఇన్‌పుట్ ఫైలు అబాకస్ అనే పేరున్న ఎఫ్ఈఏ సాఫ్ట్‌వేర్ పద్ధతిలోనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది రేపు ఉద్యోగంలో వృథా కాదు.

లినక్స్_లచ్చన్న | బుధవారం, సాయంత్రం 7:10

నేను ఒక్క మాట అంటా. సీరియస్‌గా చేసేవాళ్లు కోడ్ ఆస్టర్ నేర్చుకోండి. ఫ్రాన్స్ కరెంటు సంస్థ ఈడీఎఫ్ 1989లో మొదలుపెట్టి 2001లో ఓపెన్ సోర్స్ చేసింది. అణు విద్యుత్ కేంద్రాల కోసం పుట్టిన సరుకు. కాంటాక్టు, క్రాక్, క్రీప్, అన్నీ ఉన్నాయి. సలోమే మెకా అని మెష్ చేసేది, ఫలితాలు చూసేది కలిపి ఇస్తారు.

స్పానర్_శీను | బుధవారం, సాయంత్రం 7:22

మాన్యువల్ ఫ్రెంచిలో ఉంటుందని కూడా చెప్పన్నా.

లినక్స్_లచ్చన్న | బుధవారం, సాయంత్రం 7:30

ఉంటుంది. ఇంగ్లీషుది మెషీన్ అనువాదం, చదివితే ఫ్రెంచే నయం అనిపిస్తుంది. ఒప్పుకుంటున్నా.

మెష్_మేస్త్రి | బుధవారం, రాత్రి 9:00

లచ్చన్నా, మంచి సాఫ్ట్‌వేరే, కాదనను. కానీ వారంలో రిపోర్టు ఇవ్వాల్సిన ఏడుగురి షెడ్డుకి అది కాదు. షెడ్డు గారి విండోస్ కంప్యూటర్‌కి నేను ప్రీపోమ్యాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్తాను. స్లొవేనియాలోని మారిబోర్ యూనివర్సిటీలో తయారైంది, లోపల సాల్వర్ కాల్క్యులిక్సే. స్టెప్ ఫైలు (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసే త్రీడీ బొమ్మ ఫైలు) తెరిచి, యూనిట్లు ఎంచుకుని, లోడ్లు పెట్టి నడపడమే. కొత్త మోడల్ తెరిచేటప్పుడే టూడీ ప్లేన్ స్ట్రెస్ (పలకని మందం లేని బొమ్మగా గీసి, మందం అంకెగా ఇచ్చే పద్ధతి) అని ఎంచుకోవచ్చు. ఈ ఫ్రేముకి ముందు అదే చేయండి. ఒక ప్లేటు, 25 మందం, 100 కిలోన్యూటన్లు. సెకన్లలో అయిపోతుంది, పది రకాల రేడియస్‌లు ఒక పూటలో చూసేయవచ్చు. ఆఖరుది మాత్రం త్రీడీలో చేసి రిపోర్టులో పెట్టండి.

సాల్వర్ నత్తనడక నడుస్తుంటే లోపల సమీకరణాలు తేల్చే భాగంగా స్పూల్స్ బదులు పార్డిసో ఎంచుకోండి, కోర్ల సంఖ్య కూడా చూసుకోండి. చాలామంది ఒక్క కోర్ మీద నడుపుతూ కంప్యూటర్‌ని తిడుతుంటారు.

కరకట్ట_సివిల్ | గురువారం, ఉదయం 6:55

మేము బిల్డింగుల వాళ్లం. భూకంపం లెక్కలకి ఓపెన్‌సీస్ వాడతాను, బర్కిలీలో పుట్టింది. బొమ్మలూ బటన్లూ ఉండవు, అంతా స్క్రిప్టే, పైథాన్‌లో రాసుకోవచ్చు. కాంక్రీటు పగిలాక, కమ్మీ యీల్డ్ అయ్యాక (మళ్లీ వెనక్కి రాకుండా సాగిపోయాక) ఫ్రేము ఎలా ఊగుతుందో దానిలో చూసినంత బాగా ఇంకెక్కడా చూడలేదు. మీ ప్రెస్‌కి పనికిరాదు, వెతుక్కుంటూ ఈ థ్రెడ్‌కి వచ్చే సివిల్ వాళ్ల కోసం రాసి పెడుతున్నా. ఇండక్షన్ హీటింగ్ లాంటివి అడిగేవాళ్లకి ఫిన్లాండ్ వాళ్ల ఎల్మర్ ఉంది. వేడి, అయస్కాంతం, ఒత్తిడి ఒకేచోట కలిపి చేస్తుంది.

లెక్కల_మాస్టారు | గురువారం, ఉదయం 9:15

ఎక్కడెక్కడి ఊళ్లో వచ్చాయి కాబట్టి మన వాళ్లనీ తలుచుకుందాం. ఎలిమెంట్లు లేకుండానే సాల్వ్ చేసే మెష్‌లెస్ పద్ధతికి 1998లో దారి వేసినవారిలో అట్లూరి సత్యనాథం గారు గుడివాడలో పుట్టినవారు. పొరలు పొరలుగా ఉండే కాంపోజిట్ ప్లేట్లకి 1984లో మూడో ఆర్డర్ సిద్ధాంతం ఇచ్చిన జె.ఎన్. రెడ్డి గారు ఉస్మానియాలో చదివినవారు. మనకి ఎఫ్ఈఏ పరాయి విద్య ఏమీ కాదు. సరే, షెడ్డు బాబు ఏమయ్యాడు?

జీడిమెట్ల_షెడ్డు | శుక్రవారం, రాత్రి 11:30

ఇక్కడే ఉన్నాను మాస్టారూ, రెండు రాత్రులు దీని మీదే కూర్చున్నా.

లోడ్లు రెండు వైపులా పెట్టాక రియాక్షన్ సున్నాకి వచ్చింది. నోరు 0.74 నుంచి 0.92కి పెరిగింది. కాలమ్ మధ్యలో 118 అలాగే ఉంది. మూలకి 25 రేడియస్ ఇస్తే మెష్ సన్నం చేసేకొద్దీ 214, 220, 221 వచ్చి ఆగిపోయింది. ఆగడం చూసి ఎంత హాయిగా అనిపించిందో. మా ప్లేటు ఐఎస్ 2062 ఈ250 గ్రేడు ఉక్కు, యీల్డ్ 250 ఎంపీఏ కాబట్టి సరిపోతుందా?

మెష్_మేస్త్రి | శనివారం, ఉదయం 8:05

సరిపోదు. ఈ250లో 250 అనేది 20 మి.మీ. లోపు మందానికి. 20 నుంచి 40 దాకా 240 మాత్రమే. మీది 25. 221 మీద 240 అంటే సేఫ్టీ ఫ్యాక్టర్ 1.09. పైగా ప్రెస్ ఒక్కసారి నొక్కి ఊరుకోదు, రోజూ వందలసార్లు నొక్కుతుంది. గ్యాస్ కటింగ్ గీతలున్న అంచు మీద ఫటీగ్ క్రాక్ (పదేపదే లోడు పడి వచ్చే పగులు) మొదలవ్వడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. రేడియస్ పెంచండి. లోపలి అంచుని రేడియస్ దాకా గ్రైండింగ్ చేయించి డ్రాయింగ్ మీద రాయండి. వెల్డింగ్ ఆ మూల దగ్గరికి రానివ్వకండి.

జీడిమెట్ల_షెడ్డు | శనివారం, రాత్రి 9:45

60 రేడియస్ ఇచ్చాను: 165, 169, 170. నోరు 0.89. నాన్నకి చూపిస్తే, "నేను ఎప్పుడూ పెయింటు డబ్బా పెట్టి గీసేవాణ్ణి, అది అంతే ఉంటుంది" అన్నాడు. టేపు పెట్టి కొలిచాను. 120 వ్యాసం.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 9:58

ఆయన్ని నా నమస్కారం అందుకోమను.

జీడిమెట్ల_షెడ్డు | ఆదివారం, ఉదయం 10:10

ఇంకో టెన్షన్. పార్టీ దగ్గర ఒక కన్సల్టెంట్ ఉన్నాడు. "ఫ్రీ సాఫ్ట్‌వేర్ రిపోర్టు మేము తీసుకోం" అంటాడేమో. లైసెన్సు పరంగా వ్యాపారానికి వాడొచ్చా అసలు?

మ్యూనిక్_మామ | ఆదివారం, మధ్యాహ్నం 2:20

వాడొచ్చు. జీపీఎల్ కింద వాడకానికి హద్దు లేదు, మీ ఫలితాలూ డ్రాయింగులూ పూర్తిగా మీవే. సాఫ్ట్‌వేర్‌నే మార్చి ఇంకొకరికి పంచితే మాత్రం ఆ సోర్సు కూడా ఇవ్వాలి. మీరు ప్రెస్ అమ్ముతున్నారు, సాల్వర్ కాదు.

కన్సల్టెంట్ కోసం రిపోర్టు ముందు పేజీల్లో ఒక పరీక్ష పెట్టండి. ఎఫ్ఈఏ సాఫ్ట్‌వేర్లని పరీక్షించే లెక్కలు ఇచ్చే నాఫెమ్స్ సంస్థ ఎల్ఈ1 అని ఒక లెక్క ఇస్తుంది. అండాకారపు పలక, బయటి అంచున 10 ఎంపీఏ లాగుడు. డీ అనే బిందువు దగ్గర స్ట్రెస్ 92.7 రావాలి. పేరున్న సాఫ్ట్‌వేర్ల వాళ్లు చాలామంది తమ మాన్యువల్లో దీన్ని చూపించుకుంటారు. మీ కంప్యూటర్లో, మీరు వాడిన అదే వెర్షన్‌తో చేసి, పక్కన మీ అంకె రాయండి. తర్వాత మాస్టారి చేతి లెక్క, మీ 118. తర్వాత రియాక్షన్లు. తర్వాత మూడు మెష్‌ల పట్టిక. రంగుల బొమ్మ అన్నిటికన్నా చివర. డెఫర్మేషన్ ఎన్ని రెట్లు పెంచి చూపిస్తున్నారో బొమ్మ కింద రాయడం మరవకండి, లేకపోతే పార్టీ ఓనర్ ఫ్రేము వంగిపోయిందని భయపడతాడు.

జీడిమెట్ల_షెడ్డు | ఆరు వారాల తర్వాత, బుధవారం

పాత థ్రెడ్ లేపుతున్నా, ఏమనుకోకండి. రిపోర్టు ఒప్పుకున్నారు. కన్సల్టెంట్ సాఫ్ట్‌వేర్ పేరు దగ్గర ఆగలేదు. మెష్ పట్టిక చూసి "ఇది ఎవరు చేశారు" అని అడిగాడు, అంతే.

నిన్న ప్రెస్ ట్రయల్. 20 టన్నులకి డయల్ గేజ్ పెడితే నోరు 1.04 చూపించింది. మోడల్‌లో 0.89. ఈ తేడా ఎందుకు?

మెష్_మేస్త్రి | బుధవారం, రాత్రి 8:40

గేజ్ నేల మీద పెట్టారా, బెడ్ మీదా? మొదటిసారి నొక్కినప్పటిదా?

జీడిమెట్ల_షెడ్డు | గురువారం, మధ్యాహ్నం 12:30

బెడ్ మీదే పెట్టాం, కానీ మొదటి నొక్కుడే. ఇవాళ ఐదారుసార్లు నొక్కి వదిలి, మళ్లీ గేజ్ సున్నా చేసి చూశాం. 0.95. సిలిండర్ ఫ్లాంజ్ బోల్టులు కూడా కొంచెం సర్దుకున్నట్టున్నాయి, మోడల్‌లో అవి లేవు.

మెష్_మేస్త్రి | గురువారం, మధ్యాహ్నం 1:00

సిలిండర్ ప్లేటునీ బోల్టుల్నీ వదిలేసిన మోడల్‌కి 0.95 మీద 0.89 బాగా వచ్చినట్టే. ఇప్పుడు ఆ బోల్టులు ఇంకోసారి బిగించి, టార్క్ రాసి పెట్టుకోండి. మోడల్ ఫైలు కూడా ఇక్కడ పెడితే తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

జీడిమెట్ల_షెడ్డు | గురువారం, రాత్రి 10:15

పెట్టాను. పార్టీ కొలతలు మార్చేసి, 25 రేడియస్‌ది, 60ది, రెండూ ఉంచాను. రేడియస్ లేనిది కూడా పెట్టా, 438 ఎవరికైనా చూడాలనిపిస్తే.